జ్ఞానతండ్రిగా సీఎస్‌ఐ స్నేహితుడు ఉండొచ్చా?

ప్రశ్న: మాది కతోలిక (కేథలిక్) కుటుంబం. వచ్చే నెల పాపకు జ్ఞానస్నానం (బాప్తిస్మం). జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్) మావారి స్నేహితుణ్ని అనుకున్నాం. ఆయనది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంట్ సంఘం. ఫాదర్ గారు ఒప్పుకుంటారా?

జవాబు 1: జ్ఞానతండ్రిగా కుదరదండీ, సాక్షిగా కుదురుతుంది. శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 874 ప్రకారం జ్ఞాన తల్లిదండ్రులు కతోలికులై ఉండాలి, మామూలుగా 16 ఏళ్లు నిండాలి, దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొంది ఉండాలి. కన్న తల్లిదండ్రులు పనికిరారు. ఒక్కరున్నా చాలు కాబట్టి కతోలికురాలైన జ్ఞానతల్లిని చూసుకోండి. ఆవిడ పక్కన ఆయన సాక్షిగా నిలబడతారు.

జవాబు 2: చాలామంది ఆగిపోయేది భద్రమైన అభ్యంగనం దగ్గరే. మొదటి సత్ప్రసాదం తీసుకుని, బిషప్ గారు వచ్చినప్పుడు చూద్దాంలే అని వదిలేస్తారు. జ్ఞానతల్లిని ముందే అడగండి. ఆవిడది వేరే విచారణ (పారిష్) అయితే అక్కడి ఫాదర్ గారి లెటర్ కూడా అడగొచ్చు.

జవాబు 3: జ్ఞానస్నానం రిజిస్టర్‌లో పాప పేరు బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాయించండి, ఇంటిపేరుతో సహా. తేడా ఉంటే పెళ్లప్పుడు తలనొప్పి. అన్నట్టు, లామినేషన్ చేయించి దాచిన జ్ఞానస్నానం సర్టిఫికెట్ పాత కాపీ అప్పుడు చెల్లదు. అభ్యంగనం, వివాహం వివరాలు ఆ రిజిస్టర్‌లోనే పేరు పక్కన ఎక్కిస్తారు, అందుకే సాధారణంగా 6 నెలల లోపు తీసిన కాపీ అడుగుతారు.