రోగ్ ఉంగరం దాచాడు, పాలడిన్ అలిగింది: డీఎం ఎంతవరకు కలగజేసుకోవాలి?

దీపస్తంభం:
అందరికీ నమస్తే. మేము డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. నలుగురు ప్లేయర్లు: పాలడిన్ (ధర్మం కోసం పోరాడే యోధ), రోగ్ (దొంగ), క్లెరిక్ (దైవశక్తి), విజర్డ్ (మంత్రవిద్య). అందరూ లెవెల్ 3. డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపేది) నేనే.

ఒక సమాధి గదిలో పెట్టె తెరిచారు. రోగ్ ఆడే అతను "అందులో ఉన్న ఉంగరం చటుక్కున జేబులో వేసుకుంటా, ఎవరికీ చెప్పను" అన్నాడు. స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం) రోల్ చేయించి, అంటే పాచిక వేయించి, మిగతావాళ్ల గమనించే శక్తికి పాచిక లేకుండానే ఉండే అంకె పాసివ్ పర్సెప్షన్‌తో పోల్చి, ఎవరూ చూడలేదని చెప్పాను. అప్పటికి అందరూ నవ్వారు. తర్వాతి సెషన్‌లో పాలడిన్ ఆడే అమ్మాయి ఉన్నట్టుండి "ఊళ్లోకి వెళ్లేముందు అందరూ సంచులు కుమ్మరించండి" అంది. "నీ క్యారెక్టర్‌కి ఆ సంగతి తెలియదు కదా" అని అతను. "నాకు తెలుసు కదా" అని ఆమె. మాటా మాటా పెరిగింది. చివరికి అతను "నా క్యారెక్టర్ దొంగ. దొంగ దొంగతనం కాక ఇంకేం చేస్తాడు?" అన్నాడు. ఆమె క్యారెక్టర్ షీట్ మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. క్లెరిక్, విజర్డ్ నోరు మెదపడం లేదు. తెలిసినవాళ్లొకరు "ఆ ఉంగరానికి శాపం తగిలించెయ్, రోగ్‌కి బుద్ధొస్తుంది, నువ్వు ఎవరినీ ఏమీ అనక్కర్లేదు" అంటున్నారు. అలా చెయ్యాలనే ఉంది గానీ ఎందుకో ధైర్యం చాలడం లేదు. ఏం చెయ్యమంటారు?

ఇరవై_ముఖాలు:
శాపం వద్దండీ. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఉంగరం దాచింది క్యారెక్టర్, నొచ్చుకున్నది మాత్రం మనిషి. ఆ మనిషి బాధకు కథలో మందు దొరకదు. ఉంగరానికి శాపం పెట్టగానే రోగ్ ఆడే అతనికి అర్థమయ్యేది ఒక్కటే, డీఎం ఆమె పక్షాన చేరారని. తను చేసిన పని పక్కవాళ్లకు కష్టం కలిగించిందన్న అసలు సంగతి అతనికి ఎవరూ చెప్పినట్టే కాదు. ఆ తర్వాత మీరు పెట్టే ప్రతి ఉచ్చు, ప్రతి విషపు సూది తన కోసమే పెట్టారని అనుమానిస్తాడు. డీఎం మీద ఆ అనుమానం ఒకసారి పుట్టిందంటే క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే కథ) నడపడం చాలా కష్టం.

ఇక ఆ రోల్ సంగతి. పాచిక వేశాం కాబట్టి న్యాయంగానే జరిగిందని చాలామంది అనుకుంటారు. లెక్క చూడండి. లెవెల్ 3 రోగ్‌కి డెక్స్టెరిటీ (చురుకుదనం) 16, స్లైట్ ఆఫ్ హ్యాండ్‌లో ఎక్స్‌పర్టీజ్ (రెట్టింపు నైపుణ్యం) ఉంటే పాచిక మీద పడినదానికి కలిపేది మొత్తం +7. పాలడిన్‌కి విజ్డమ్ (వివేకం) 12, పర్సెప్షన్‌లో ప్రొఫిషియెన్సీ (నేర్చుకున్న నైపుణ్యం) లేకపోతే పాసివ్ పర్సెప్షన్ 11. పాచిక మీద 5 పడినా రోగ్‌కి 12 అయిపోతుంది. అంటే పాచికకున్న 20 ముఖాల్లో కనీసం 16 అతని వైపే ఉన్నాయి. ఆమెకి పాచిక ముట్టుకునే అవకాశమే లేదు. తన కళ్లముందే తన వాటా పోతుంటే "నీకు కనబడలేదు" అన్న మాట విని ఊరుకోవాలి. ఇదే పద్ధతి కోట కాపలావాడి మీద వాడితే ఇబ్బంది లేదు, ఎందుకంటే కాపలావాడు అలిగి ఇంటికి వెళ్లిపోడు.

అందుకే మా టేబుల్ దగ్గర ఒక నియమం ఉంది. ఒక ప్లేయర్ క్యారెక్టర్ ఇంకో ప్లేయర్ క్యారెక్టర్ మీద దొంగతనం గానీ, దాడి గానీ, మంత్రం గానీ ప్రయోగిస్తే ఫలితం చెప్పేది ఎదుటి ప్లేయరే. పాచిక ఉండదు. డీఎం ఆమెవైపు తిరిగి "అతను ఉంగరం దాస్తున్నాడు. నీ క్యారెక్టర్ చూసిందా?" అని అడుగుతారు. ఇలా అడిగితే అందరూ "చూసింది" అనేస్తారని భయపడకండి. మా బార్డ్ (పాటగాడి పాత్ర) ఒకసారి విజర్డ్ మంత్రాల పుస్తకం, స్పెల్‌బుక్ కొట్టేస్తానన్నాడు. విజర్డ్‌ని అడిగాను. ఆమె కాస్త ఆలోచించి "తీసుకోనివ్వండి. కానీ అందులో నేనొక ఉత్తరం దాచాను, అది అతని కంట పడాలి" అంది. ఆ ఉత్తరం చుట్టూనే తర్వాతి కథంతా నడిచింది. అదే రోల్ చేయించి ఉంటే ఒకరు గెలిచేవారు, ఇంకొకరు ఓడేవారు, ఉత్తరం పుట్టేదే కాదు.

"నా క్యారెక్టర్ అలాంటివాడే" అన్న మాటకి ఆర్పీజీలు (ఇలాంటి పాత్రల ఆటలు) ఆడేవాళ్లలో పేరే ఉంది, మై గై సిండ్రోమ్ అంటారు. ఆ క్యారెక్టర్ ఆకాశం నుంచి ఊడిపడలేదు, అతనే రాసుకున్నాడు. అతన్ని తప్పుబట్టకుండా ఒక ప్రశ్న అడగండి: "నీ దొంగ లోకమంతా దోచుకున్నా ఈ ముగ్గురి జోలికి మాత్రం ఎందుకు వెళ్లడు?" దీనికి జవాబు రాసుకోవడం మంచి ప్లేయర్‌కి ఇష్టమైన పని. చిన్నప్పుడు ముఠా వదిలేసి పోయిందనో, క్లెరిక్ ప్రాణం కాపాడిందనో ఏదో ఒకటి పుడుతుంది. అతని దొంగతనానికి వచ్చిన లోటేమీ ఉండదు.

ఇవన్నీ సెషన్‌లోనో గ్రూప్‌లోనో పెట్టకండి. ఇద్దరితో విడివిడిగా, వీలైతే ఎదురుగా, లేదంటే ఫోన్లో మాట్లాడండి. మెసేజ్‌లో స్వరం వినబడదు, మామూలు మాట కూడా నిలదీసినట్టు ఉంటుంది.

మూల_కుర్చీ:
నేను ఎప్పుడూ డీఎం కాదు, ప్లేయర్‌ని మాత్రమే. ఎక్కువగా క్లెరిక్ ఆడతాను, అందుకే మీ క్లెరిక్, విజర్డ్‌ల గురించి అడగాలనిపించింది. ఆ గొడవ జరుగుతున్నంతసేపూ వాళ్లిద్దరూ ఏం చేశారు? ఊహించగలను. ఒకరు స్పెల్ లిస్ట్ చదివినట్టు నటిస్తారు, ఇంకొకరు పాచికలు రంగుల వారీగా పేరుస్తారు. ఇద్దరు పోట్లాడుకుంటే డీఎం చూపంతా ఆ ఇద్దరి మీదే ఉంటుంది. వారమంతా ఎదురుచూసి వచ్చినవాళ్లకి ఒక్క టర్న్ కూడా రాదు. గొడవ పడినవాళ్లు ఎలాగోలా రాజీ పడతారు, మౌనంగా ఉన్నవాళ్లే ఒకరోజు "ఈ వారం పనుంది" అని చెప్పి మళ్లీ రారు.

వాళ్లకి కూడా ఫోన్ చెయ్యండి. సాక్ష్యం చెప్పమని కాదు, మీకేం కావాలని అడగడానికి. ఇంకోటి: మాటలు క్యారెక్టర్ల నుంచి మనుషుల మీదకి మళ్లిన క్షణంలో డీఎం నోరు విప్పి "ఆట ఆపుతున్నాను, పది నిమిషాలు లేచి వద్దాం" అనాలి. మేమెవరన్నా అంటే ఒకరి పక్షం తీసుకున్నట్టు ఉంటుంది. మీరంటే ఉండదు.

చీకటి_సొరంగం:
ఇరవై_ముఖాలు గారి నియమం మంచిదే గానీ అన్ని టేబుళ్లకీ పనికిరాదు. 1984లో వచ్చిన పారనోయా అనే ఆర్పీజీ చూడండి. పక్కవాణ్ణి ద్రోహి అని పట్టిచ్చెయ్యడమే ఆ ఆట. అందులో అనుమతి అడిగితే మజా పోతుంది. అక్కడ ఎవరూ అలగరు, ఎందుకంటే కూర్చునేముందే అందరికీ తెలుసు. సమస్య దొంగతనం కాదని నా అభిప్రాయం. ఒకరు ఒక ఆట ఆడుతున్నామనుకున్నారు, ఇంకొకరు వేరే ఆట అనుకున్నారు. సెషన్ జీరో (ఆటకు ముందు అందరూ కూర్చుని ఎలా ఆడాలో మాట్లాడుకోవడం) ఉన్నది దీనికే. మొదట్లో జరగకపోతే ఇప్పుడు పెట్టుకోండి, క్యాంపెయిన్ మధ్యలో పెట్టకూడదన్న రూల్ ఎక్కడా లేదు. లూట్ (ఆటలో దొరికిన సొత్తు) ఎలా పంచుకోవాలి, పార్టీలో ఒకరికొకరు రహస్యాలు ఉండొచ్చా, ఒకరిపై ఒకరు కత్తి ఎత్తొచ్చా, ఈ మూడూ తేల్చుకోండి.

ఎక్స్ కార్డ్ వాడమని ఎవరైనా చెప్పొచ్చు. జాన్ స్టావ్‌రోపొలోస్ తయారుచేసింది, నాకు చాలా ఇష్టమైన పనిముట్టు. టేబుల్ మధ్యలో కార్డు ఉంటుంది, కథలో ఏదైనా భరించలేనిది వస్తే ముట్టుకుంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. కానీ అది కథలోని విషయం కోసం. ఇద్దరి మధ్య మనస్పర్థలకి కారణాలు చెప్పుకునే తీరాలి, అక్కడ కార్డు ముట్టుకుని ఊరుకుంటే సరిపోదు.

దీపస్తంభం:
అందరికీ చాలా థ్యాంక్స్. నలుగురితోనూ మాట్లాడాను. పాలడిన్ ఆడే అమ్మాయికి ఉంగరం అసలు అక్కర్లేదట. "ఎవరూ చూడలేదు అని మీరు అనగానే అందరూ నవ్వారు, నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది" అంది. రోగ్ అతనికి ఆ సంగతి ఊహకే రాలేదు, విని కాసేపు మాట్లాడలేదు. ఆదివారం ఆట లేకుండా కూర్చుందామంటే ముగ్గురు సరే అన్నారు. పాలడిన్ అమ్మాయి "ఆలోచించి చెప్తా" అంది. ఆమె రాకపోతే?

ఇరవై_ముఖాలు:
బతిమాలకండి, గడువు పెట్టకండి. "నీ కుర్చీ ఖాళీగానే ఉంటుంది, రావాలనిపిస్తే రా" అని ఒక్కసారి చెప్పి వదిలెయ్యండి. ఆదివారం మిగతా ముగ్గురితో మాట్లాడేటప్పుడు ఆమె లేనిచోట ఆమె గురించి తీర్పులు చెప్పుకోనివ్వకండి, ముఖ్యంగా రోగ్ అతన్ని. తేల్చుకున్న నియమాలు ఆమెకి కూడా పంపండి, మార్చాల్సినవి ఉంటే చెప్పమనండి.

నిజంగానే మానేస్తే పాలడిన్‌ని చంపెయ్యకండి, ఎన్‌పీసీగా (డీఎం నడిపే పాత్రగా) చేసి మీరు ఆడకండి కూడా. ఆ క్యారెక్టర్ ఆమెది. గుడి నుంచి పిలుపొచ్చిందని పంపించెయ్యండి, షీట్ ఆమె దగ్గరే ఉంచండి. ఆదివారం ఎలా జరిగిందో ఇక్కడ రాయండి, లూట్ పంపకం దగ్గర చిక్కొస్తే మా టేబుల్ పద్ధతి చెప్తాను.