ఆస్ట్రేలియా మారుమూల ఊరిలో నర్సు ఉద్యోగం: పిల్లలతో వెళ్లి ఉండగలమా?

ప్రశ్న

నా భార్య నర్సు. పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లో, లాంగ్‌రీచ్ నుంచి పడమరగా కారులో కొన్ని గంటలు ప్రయాణిస్తే వచ్చే ఒక చిన్న ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు. పెద్ద నగరాలకు బయట ఉండే 'ప్రాంతీయ' ఉద్యోగాలకు యజమాని స్పాన్సర్ చేసే తాత్కాలిక 494 వీసా, ఉండడానికి ఇల్లు కూడా వారే ఇస్తారు. మూడేళ్లు నిబంధనల ప్రకారం గడిపితే 191 శాశ్వత వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చన్నది మాకు పెద్ద ఆకర్షణ. నేను ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. అమ్మాయి ఐదో తరగతి, బాబుకు నాలుగేళ్లు. ఊరి జనాభా రెండు వందలు దాటదు. ఎప్పుడూ నగరాల్లోనే బతికిన మేము అక్కడ నిలదొక్కుకోగలమా? చదువు, వైద్యం, ఒంటరితనం గురించి అలాంటి చోట పిల్లలతో నివసించినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం 1

మావారు షైర్ కౌన్సిల్ (అక్కడి స్థానిక పాలక సంస్థ) వర్క్‌షాపులో మెకానిక్‌గా పనిచేసిన కాలమంతా మేము పిల్లలతో అటువంటి ఊళ్లోనే ఉన్నాము. ఉద్యోగం ఉన్న మనిషికి ఆ ఊరు త్వరగానే సొంతమవుతుంది. మీ శ్రీమతి గారిని నెల తిరిగేసరికి ఊరంతా పేరు పెట్టి పిలుస్తుంది. కష్టమంతా ఇంట్లో ఉండే మనిషిది. మీ కుటుంబంలో ఆ మనిషి మీరే కనుక, ఆమె జీతం, ఇల్లు, వీసా లెక్క చూసుకున్నంత శ్రద్ధగా మీ రోజు ఎలా గడుస్తుందన్నది కూడా చూసుకోండి.

ముందుగా ఆ ఊళ్లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉందో లేదో తెలుసుకోండి. ఉంటే, ఒకరిద్దరు ఉపాధ్యాయులు వేర్వేరు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి చెబుతారు. దీనికి చాలామంది తల్లిదండ్రులు భయపడతారు గానీ, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చదివి వినిపించే ఆ గదిలో మా అబ్బాయి బెరుకు పోగొట్టుకున్నాడు. నేను ఆ బడిని ఈనాటికీ గౌరవంతో తలచుకుంటాను. లేకపోతే స్కూల్ ఆఫ్ ది ఎయిర్ ఉంటుంది. 1951లో అలీస్ స్ప్రింగ్స్‌లో రేడియో పాఠాలతో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు ఇంటర్నెట్ మీద నడుస్తోంది. అయితే టీచరు తెరపై కనిపించేది రోజులో కొంతసేపే. మిగిలిన సమయమంతా పక్కన కూర్చుని పాఠం చేయించే బాధ్యత ఇంట్లోని పెద్దవారిది. వారినే అక్కడ హోమ్ ట్యూటర్ అంటారు. స్టేషన్లు అనే పెద్ద పశువుల క్షేత్రాల్లో కొందరు ఇందుకోసం గవర్నెస్‌ను, అంటే ఇంట్లోనే ఉండి చదివించే మనిషిని, పెట్టుకుంటారు. ఈ ట్యూటర్ పనినీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాన్నీ ఒకే మనిషి ఒకే పూట చేయడం సాధ్యం కాదు.

మీ విషయంలో నన్ను కలవరపెడుతున్నది మాత్రం హైస్కూలు. క్వీన్స్‌లాండ్‌లో 2015 నుంచి ఏడో తరగతి హైస్కూల్లోనే ఉంటుంది. అంటే మీ వీసాకు కావలసిన మూడేళ్లు పూర్తయ్యేలోపే మీ అమ్మాయి బడి మారాలి, అంత చిన్న ఊళ్లో సాధారణంగా హైస్కూలు ఉండదు. అక్కడివాళ్లు పిల్లల్ని బోర్డింగుకు పంపుతారు. ఆ ఖర్చుకు ప్రభుత్వమిచ్చే అసిస్టెన్స్ ఫర్ ఐసొలేటెడ్ చిల్డ్రన్ అనే సాయం పౌరులకు, శాశ్వత నివాసులకు ఉద్దేశించినది కాబట్టి, 494 వీసాపై ఉన్నవారు దాన్ని లెక్కలో వేసుకోకూడదు. పన్నెండేళ్ల పిల్లను వందల కిలోమీటర్ల దూరాన ఉంచగలరా అన్నది మీరిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోవాలి.

సమాధానం 2

నేను ఆ ప్రాంతంలోనే నర్సుగా పనిచేశాను కనుక వైద్యం సంగతి చెబుతాను. అత్యవసర పరిస్థితిలో ఆదుకునేది విమానాల్లో వైద్యం అందించే రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్. రెవరెండ్ జాన్ ఫ్లిన్ చొరవతో 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కరీ నుంచి దాని మొదటి విమానం ఎగిరింది. దూరపు పశువుల స్టేషన్లలో అంకెలు వేసిన మందుల పెట్టెలు ఉంటాయి. డాక్టరు ఫోన్లో ఫలానా అంకె మందు ఇవ్వమంటే ఇంటివాళ్లు ఇస్తారు. ఇంత ఏర్పాటు ఉన్నా, విమానం వచ్చేదాకా రోగి ప్రాణం నిలబెట్టవలసింది ఊళ్లోని నర్సే. మీ శ్రీమతి గారు రాత్రి పిలుపులకు ఎన్ని రోజులు అందుబాటులో ఉండాలో, వారికి సెలవు కావలసినప్పుడు బదులు ఎవరు వస్తారో ఒప్పందంలో రాయించుకోవాలి. ఊళ్లో ప్రతి రోగీ తెలిసిన మనిషే, వారి కబుర్లన్నీ మనసులోనే దాచుకుని మరునాడు వాళ్ల పక్కనే కూర్చోవాలి. ఈ బరువు గురించి ముందుగా ఎవరూ చెప్పరు.

పిల్లలకు స్పెషలిస్టు అవసరమైతే పెద్ద ఊరికి వెళ్లాలి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి నుంచి 50 కిలోమీటర్లకు మించి వెళ్లవలసినప్పుడు పేషెంట్ ట్రావెల్ సబ్సిడీ స్కీమ్ కింద ప్రయాణ ఖర్చులో కొంత ఇస్తారు, కానీ బయలుదేరే ముందే అనుమతి కోసం దరఖాస్తు చేసుకోవడం క్షేమం.

సమాధానం 3

దారుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. అక్కడ చాలాచోట్ల మన నల్లరేగడి వంటి నేలే. ఓ మోస్తరు వాన పడితే మట్టిరోడ్లు మూసేస్తారు, మూసిన రోడ్డుపై బండి నడపడం నేరం. 2025 మార్చి, ఏప్రిల్ నెలల వరదల్లో జుండా, థార్గోమిండా వంటి ఊళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. కాబట్టి ఇంట్లో కొన్ని వారాల సరుకులు ఎప్పుడూ నిల్వ ఉండాలి. సందెవేళ కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, చీకటి పడకముందే ఇల్లు చేరండి. మీ ఉద్యోగానికి ఇంటర్నెట్ ప్రాణం కనుక, ఆ ఇంట్లో ఏ కనెక్షన్ ఉందో అడగండి. మారుమూలలకు ఇంటర్నెట్ అందించే స్కై మస్టర్ ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉండడం వల్ల వీడియో కాల్స్‌లో మాటలు ఆలస్యంగా అందుతాయి; తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలతో నడిచే స్టార్‌లింక్‌లో ఆ బాధ తక్కువ.

ఇంకొక మాట. వీసా కోసమే ఇంత దూరం వెళ్లవలసిన అవసరం లేదు. 2019 నవంబరు నుంచి సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగిలిన దేశమంతా, అంటే పెర్త్, అడిలైడ్ కూడా, ఈ వీసాకు ప్రాంతీయమే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. హైస్కూలు సంగతి మాకు తట్టలేదు. అడిలైడ్ వైపు స్పాన్సర్ చేసే ఆసుపత్రుల కోసం ఈ వారమే దరఖాస్తులు పెడుతున్నాము. అవి కుదరక ఆ చిన్న ఊరికి వెళ్లవలసి వస్తే ఏ నెలలో చేరడం మంచిది?

సమాధానం 1

ఏప్రిల్, మే నెలల్లో చేరే వీలుందేమో అడగండి. ఎండలు తగ్గి ఉంటాయి, గుర్రప్పందేలు, జిమ్‌ఖానాల (గుర్రపుస్వారీ పోటీల) కాలం దగ్గర పడుతుంది కనుక చుట్టుపక్కల కుటుంబాలతో పరిచయం త్వరగా కలుగుతుంది. డిసెంబరులో మాత్రం పిల్లలతో దిగకండి, అక్కడ అది వేసవి. పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లోనే ఉన్న బర్డ్స్‌విల్‌లో 1972 డిసెంబరులో 49.5 డిగ్రీలు నమోదైంది, పైగా అప్పుడు బడులకు సెలవులు, సగం ఊరు సముద్రతీరానికి వెళ్లిపోయి ఉంటుంది.