ఫార్ములా కారు సస్పెన్షన్‌కి విమానం బోల్టులే వేయాలా?

కాకినాడ_మెకానికల్:
అందరికీ నమస్కారం. ఫార్ములా భారత్ అనే కాలేజీ విద్యార్థుల రేస్ కార్ల పోటీ కోసం కారు కడుతున్నాం. ఏ-ఆర్మ్‌లను (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే ఏ ఆకారపు కడ్డీలు) బ్రాకెట్లకు బిగించే బోల్టుల దగ్గర టీమ్ రెండు వర్గాలైంది. విమానాల్లో వాడే ఏఎన్5 బోల్టులే వేయాలి, మామూలువాటికన్నా చాలా గట్టివని కొందరు, మంచి కంపెనీ ఎం8 (8 మి.మీ. మెట్రిక్ బోల్టు), బలం గ్రేడ్ 8.8 ఉన్నది చాలని మిగతావాళ్లు. ఒక స్క్రాప్ షాపులో విమానాల నుంచి విప్పిన బోల్టులు చవగ్గా ఉన్నాయి, తల మీద క్రాస్ గుర్తు కూడా ఉంది. మా రాడ్ ఎండ్‌లు (ఏ-ఆర్మ్ చివర బోల్టు దూరే బాల్ జాయింట్లు) 8 మి.మీ. బోర్‌వి, అంటే రంధ్రంవి. ఏం చేయమంటారు?

హ్యాంగర్_రావు:
తమ్ముడూ, ముందు ఆ "చాలా గట్టివి" అన్నది పక్కన పెట్టండి. ఏఎన్ ఉక్కు బోల్టు 1,25,000 పీఎస్ఐ లాగుడు తట్టుకుంటుంది, అంటే దాదాపు 860 మెగాపాస్కల్స్. మీ 8.8 బోల్టుది 800, 10.9 అయితే వెయ్యి. బలమే లెక్కైతే 10.9 దాన్ని దాటేసింది. మరి విమానాల పనిలో మేం ఏఎన్‌లే ఎందుకు వాడతామంటే, త్రెడ్ లేని నున్నటి షాంక్ ఎనిమిదో వంతు అంగుళం తేడాలతో దొరుకుతుంది, జాయింట్ మందానికి సరిపడేది తీసుకుంటే త్రెడ్ బ్రాకెట్ లోపలికి రాదు, మిగిలే కొద్దిపాటి తేడాని వాషర్‌తో సరిచేస్తాం. పైగా పద్ధతిగా కొన్న బోల్టుకి ఎక్కడ తయారైందో, ఏ టెస్టులు చేశారో చెప్పే కాగితం ఉంటుంది.

స్క్రాప్ షాపువి మాత్రం ఒక్కటి కూడా వద్దు. వాటిని ఎందుకు విప్పారో అమ్మేవాడికే తెలియదు. సాగిపోయి ఉండొచ్చు, తల కింద సన్నని పగులు ఉండొచ్చు. క్రాస్ గుర్తు అది ఏ రకం బోల్టో చెబుతుందే గానీ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పదు. పైగా వాటికి సాధారణంగా కాడ్మియం పూత ఉంటుంది, గ్రైండింగ్ చేసినా, దగ్గర్లో వెల్డింగ్ పెట్టినా ఆ దుమ్మూ పొగా విషం.

సస్పెన్షన్_అక్క:
రావుగారు చెప్పిన షాంక్ సంగతి అంకెల్లో చూడండి. ఎం8 షాంక్ అడ్డుకోత సుమారు 50 చదరపు మి.మీ., త్రెడ్ దగ్గర 36.6 మాత్రమే. అంటే బ్రాకెట్ అంచు దగ్గర త్రెడ్ పడితే పావు వంతుకు పైగా బలం అక్కడే పోయింది, పైగా ప్రతి త్రెడ్ అడుగూ పగులు మొదలవడానికి అనువైన చోటు. తల వరకూ త్రెడ్ ఉండే బోల్టులు షాపుల్లో ముందు చేతికొస్తాయి, వాటిని తీసుకోకండి. కావాల్సిన షాంక్ దొరక్కపోతే కాస్త పొడవు బోల్టు కొని, త్రెడ్ వైపు ఎక్కువైంది కోయించండి.

ఇంకోటి, ఏఎన్5 అంటే 5/16 అంగుళం, 7.94 మి.మీ. మీ 8 మి.మీ. బోర్‌లో అది కొత్తలోనే వదులు. బ్రేక్ వేసిన ప్రతిసారీ టక్కుమంటుంది, బోరు అరుగుతుంది. ఏఎన్ కావాలంటే రాడ్ ఎండ్‌లు కూడా అంగుళాలవి కొనాలి, లేదంటే మొత్తం మెట్రిక్‌లోనే ఉండండి. నేనైతే 10.9 వేస్తాను, బ్రాకెట్ రెండు పక్కలా పట్టుకునేలా డబుల్ షియర్‌లో.

కాకినాడ_మెకానికల్:
అక్కా, మరి 12.9 ఇంకా మంచిది కదా? నట్టు ఊడకుండా లాక్‌టైట్ (త్రెడ్‌కి రాసే జిగురు) సరిపోతుందా?

సస్పెన్షన్_అక్క:
12.9 వద్దు. అంత గట్టి ఉక్కుకి జింక్ ప్లేటింగ్ చేస్తే హైడ్రోజన్ లోపలికి చేరి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో లోడ్ పెరక్కుండానే తెగే ప్రమాదం ఉంది. లాక్‌టైట్‌ని రూల్‌బుక్ లాకింగ్ కింద ఒప్పుకోదు, స్ప్రింగ్ వాషర్‌నీ అంతే. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) వేసి, కనీసం రెండు పూర్తి త్రెడ్‌లు బయటికి కనిపించేలా చూడండి.

హ్యాంగర్_రావు:
బ్రేక్ డిస్క్ దగ్గర, సైలెన్సర్ పక్కన నైలాక్ వద్దు, 120 డిగ్రీలు దాటితే ఆ నైలాన్ పట్టు వదిలేస్తుంది. అక్కడ పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్టు వేయండి. బిగించాక నట్టు నుంచి బ్రాకెట్ మీదికి పెయింట్‌తో ఒక గీత గీయండి, ప్రతి రన్ తర్వాత గీత కలిసే ఉందా లేదా ఒకసారి చూస్తే చాలు.