స్కూలు బూట్ల సోలు ఊడితే షాపువాళ్లు మార్చి ఇవ్వాలా?

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు కాస్త చెప్పండి. జూన్‌లో కొన్న పిల్లాడి నల్ల స్కూలు బూట్లకి దసరా సెలవులు రాకముందే సోలు నోరు తెరిచింది. మడమ అరగలేదు, పైభాగం చెక్కుచెదరలేదు. వేళ్ల దగ్గర వంగేచోట గమ్ము మాత్రం పొరలా లేచి వచ్చింది. చుట్టూ కుట్టు లేదు, కుట్టులా కనిపించే అచ్చు గీత ఉందంతే. ఇది అరుగుదల కాదు, అతుకు లోపమే కదా? షాపువాళ్లేమో "వానలో తడిపారు" అంటున్నారు. ఈ ఊళ్లో వానాకాలం తడవని స్కూలు బూటు ఉంటుందా!

బిల్లు, ఫొటోలు ఉన్నాయి. బిల్లులో గడువు లేకపోతే లోపమున్న సరుకు 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. అది దాటాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి మార్పించుకున్నవాళ్లు ఉన్నారా? ముందు కంపెనీకి రాయాలా? ఈలోగా పక్కలు కుట్టిస్తే రుజువు పోతుందా?