అప్‌డేట్: రొయ్యల చెరువు పంపుకి మ్యాగ్నెట్ కప్లింగ్, లెక్క కుదిరింది

మొదట అడిగింది ఇదీ: కావలి దగ్గర రొయ్యల చెరువులో ఉప్పునీటి పంపుకి సీల్ (నీరు కారకుండా షాఫ్ట్ చుట్టూ ఉండే బిగింపు) అక్కర్లేని కప్లింగ్, అంటే మోటార్ తిప్పుడుని తాకకుండా మ్యాగ్నెట్ల లాగుడుతోనే పంపుకి అందించే జోడింపు. ఎదురెదురుగా రెండు ప్లేట్లు, ఒక్కోదానికి ఆరేసి ఎన్42 రకం నియోడిమియం మ్యాగ్నెట్లు (వ్యాసం 20 మి.మీ., మందం 10), ఉత్తర దక్షిణాలు మార్చి మార్చి. మధ్య గ్యాప్ 5 మి.మీ. సూత్రంతో వచ్చిన బలానికీ కాటా చూపేదానికీ పొంతన లేదెందుకని.

సూత్రమే ఇక్కడ పనికిరాదు. ధ్రువాలను చుక్కలుగా తీసుకునే ఆ సూత్రం ఒక జతకి సుమారు 345 న్యూటన్లు ఇస్తుంది. బీఆర్ (మ్యాగ్నెట్‌లో నిలిచి ఉండే అయస్కాంత తీవ్రత) 1.3 టెస్లా అనుకుంటే, ఆ జత పూర్తిగా అతుక్కున్నా 211 దాటదు. దూరం వ్యాసానికి చాలా రెట్లుంటేనే దాన్ని నమ్మొచ్చు.

ఇప్పుడు మ్యాగ్‌పైలిబ్‌లో (మ్యాగ్నెట్ల లెక్కలు చేసే పైథాన్ లైబ్రరీ) చేస్తున్నా. మెష్ (లెక్క కోసం మ్యాగ్నెట్‌ని విడగొట్టే చిన్న ముక్కల సంఖ్య) రెట్టింపు చేసినా జవాబు 1 శాతం లోపే కదలాలి. టార్క్‌కి (తిప్పే బలానికి) పివట్, అంటే దాన్ని ఏ బిందువు చుట్టూ లెక్కించాలో అది, కచ్చితంగా షాఫ్ట్ అక్షం మీద ఇవ్వాలి. మ్యాగ్నెట్ మధ్యలో వదిలేస్తే పక్కకి లాగే బలం ఇచ్చే టార్క్, అంటే అసలు భాగమే, లెక్కలోకి రాదు. ఈ మాట చెప్పినవారికి చాలా థాంక్స్.

కొలిచేటప్పుడు కాటాలోని ఇనుము కూడా లాగుతుంది. కింది మ్యాగ్నెట్‌ని 15 సెం.మీ. చెక్క దిమ్మ మీద బిగించి, గ్యాప్‌లో 5 మి.మీ. యాక్రిలిక్ ముక్క పెట్టాలి.

ఆరు ధ్రువాలకి, ఒక ప్లేటు రెండోదానికంటే 30 డిగ్రీలు తిరిగి ఉన్నప్పుడు టార్క్ గరిష్ఠం. అది దాటితే కప్లింగ్ జారుతుంది, ప్లేట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కాబట్టి థ్రస్ట్ బేరింగ్ (షాఫ్ట్ పొడవునా పడే బలాన్ని ఆపేది) లాగుడుకీ నెట్టుడుకీ, రెండు వైపులా కావాలి. మన ఎండలకి మ్యాగ్నెట్ 45 డిగ్రీలకి చేరితే బీఆర్ 3 శాతం, బలం 6 శాతం తగ్గుతాయి, అదీ కలుపుకోండి.