నాన్న కంప్యూటర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశాను. తప్పా?

పాతకీబోర్డు:
మా నాన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచి మా వంశం కథ టైప్ చేసుకుంటారు. ఒకరోజు ముఖం కడుక్కుని వచ్చేసరికి తెర మీద "అప్‌డేట్ అవుతోంది, ఆపకండి" అని గిరగిరా చుక్కలు. సేవ్ చేయని పదకొండు పేజీలు పోయాయి. అప్పుడే ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశాను, నెలకోసారి నేనే వెళ్లి వేస్తున్నాను. ఈమధ్య మా బావ వచ్చి ఎవరినీ అడక్కుండా మళ్లీ ఆన్ చేసిపోయాడు. పైగా "తలుపు బార్లా తీసి పడుకున్నట్టుంది" అని వెటకారం.

తలుపుగడియ:
మీ బావగారిదే కరెక్టండీ. 2017లో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగిన వన్నాక్రై వైరస్ వాడుకున్న విండోస్ లొసుగుకి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్, అంటే దాన్ని మూసే అప్‌డేట్, ఇచ్చింది. దాడి మొదలైంది మే 12న. దాదాపు రెండు నెలల టైం ఉంది, అయినా వేసుకోనివాళ్లు మునిగారు. ప్యాచ్ బయటికొచ్చిందంటే లొసుగు ఎక్కడుందో దొంగలకూ తెలిసినట్టే, అక్కడి నుంచి లెక్క రోజుల్లోనే.

పాతకీబోర్డు:
అది ఎక్కువగా ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో పాకింది. ఇంట్లో రౌటర్ వెనకున్న దాని జోలికి ఎవడొస్తాడు? పైగా అప్‌డేట్ అంటే అమృతమేం కాదు. 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి కొందరి ఫైళ్లనే తుడిచేసింది, వాళ్లే దాన్ని మధ్యలో ఆపాల్సి వచ్చింది. మర్చిపోయారా?

రెండోమంగళవారం:
యాక్టివ్ అవర్స్ పెట్టారా? అదే, దానంతటది రీస్టార్ట్ అవకూడని టైం.

తలుపుగడియ:
మర్చిపోలేదు. అందుకే బ్యాకప్ అంటారు. అప్‌డేట్ చెడగొట్టినా, డిస్క్ పోయినా, వైరస్ వచ్చినా మందు అదే. బయటి డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టి, పని అయ్యాక కేబుల్ పీకేయాలి. తగిలించే ఉంచితే వన్నాక్రై లాంటి రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేసేస్తుంది. ఇక రౌటర్ అంటారా, బయటివాడు నేరుగా రాకుండా కొంత ఆపుతుంది, నిజమే. మెయిల్లో వచ్చిన ఫైలు మీరే తెరిస్తే అదేం చేస్తుంది? అసలు ఆ రౌటర్‌కి ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ ఎప్పుడు వేశారు?

గోడమీదిపిల్లి:
నేనైతే రోజూ షట్‌డౌన్ చేస్తాను, చాలదా?

రెండోమంగళవారం:
చాలదు. త్వరగా తెరుచుకోవడానికి విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌తో సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు. రీస్టార్ట్ వేరు. పాతకీబోర్డు గారూ, యాక్టివ్ అవర్స్ సంగతి చెప్పలేదు.

పాతకీబోర్డు:
రౌటర్ గోల ఇక్కడెందుకు? నేను నెలనెలా చూసి వేస్తున్నానని మొదటే రాశాను కదా.

తలుపుగడియ:
సరే, అప్‌డేట్ హిస్టరీ తెరిచి చివరి తేదీ ఇక్కడ పెట్టండి. బావగారు వేసినవి వదిలేసి, మీరు వేసింది.

పాతకీబోర్డు:
ఏడు నెలలైంది. చాలా? ఇప్పుడు తృప్తిగా ఉందా నీకు? ఉద్యోగం, పిల్లలు, కుదరలేదు. పండగకోసారి వచ్చే బావ పది నిమిషాల్లో సెట్టింగ్ మార్చి మంచివాడైపోతాడు. తర్వాత "ఏదో నీలం తెర వచ్చిందిరా, నొక్కనా వద్దా" అని నాన్న ఫోన్ చేసేది మాత్రం నాకే.

తలుపుగడియ:
నన్ను "నీకు" అన్నారు కాబట్టి నేనూ నువ్వనే అంటాను. నీ గొడవ అప్‌డేట్లతో కాదు, మీ బావతో. మా అమ్మ మెషిన్‌లో నేనూ ఇలాగే "నేను చూసుకుంటాలే" అని ఆపి పెట్టాను. ఎవరో సపోర్ట్ వాళ్లమని ఫోన్ చేసి రిమోట్‌గా లోపలికొచ్చారు. దానికి కారణం అప్‌డేట్ లేకపోవడం కాదు, ఒప్పుకుంటాను. కంప్యూటర్ గురించి నేను తనకెప్పుడూ ఏమీ చెప్పలేదు, అదీ కారణం. నీలం తెర వస్తే ఏం చేయాలో మీ నాన్నకి ఒక్కసారైనా చూపించావా?

గోడమీదిపిల్లి:
అసలు అప్‌డేట్లు కావాలో వద్దో ఆయన్ని ఎవరైనా అడిగారా?

పాతకీబోర్డు:
ఇందాక ఫోన్ చేశాను. "వేసుకోమనరా, నేను రాసుకునేటప్పుడు మాత్రం వద్దు. మీ బావకీ అదే చెప్పాను, వినలేదు" అన్నారు. నాతో కూడా ఎప్పుడో అన్నారట.

రెండోమంగళవారం:
యాక్టివ్ అవర్స్ పద్దెనిమిది గంటల దాకా పెట్టుకోవచ్చు. తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి పది. ఆ టైంలో దానంతటది రీస్టార్ట్ అవదు.

పాతకీబోర్డు:
అది ఎక్కడుంటుందో చెప్పండి. ఈసారి నేను వెళ్లను, ఆయన చేతే ఫోన్లో పెట్టిస్తాను.