50 వేలలో మొదటి రోడ్ బైక్: క్లారిస్ గేర్ల కొత్తది కొనాలా, 105 గేర్ల వాడినది కొనాలా?

భీమిలి_ఉదయం
అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. వచ్చే ఏడాది గోవా ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ) పూర్తి చేయాలని గట్టిగా అనుకున్నాను. ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. అంతకుముందే ఎక్కడైనా ఒక ఒలింపిక్ డిస్టెన్స్ ట్రయథ్లాన్ (అదే వరసలో 1.5, 40, 10 కిలోమీటర్లు) చేసి చూసుకుంటాను. ఈతకి భయం లేదు, చిన్నప్పట్నుంచీ బీచ్ రోడ్డులో కార్పొరేషన్ వాళ్ళ పూల్‌లోనే ఈదుతున్నాను. పరుగు నెమ్మదే గానీ ఆగను. బెంగంతా సైకిల్ గురించే.

ఇప్పుడున్నది లాక్‌డౌన్‌లో కొన్న హైబ్రిడ్, నిటారుగా కూర్చుని తొక్కే సైకిల్. ముందు సస్పెన్షన్ ఫోర్క్, లావు టైర్లు. ఆదివారం తెల్లారకముందే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్ళొస్తే సగటు గంటకి 19 కిలోమీటర్లు దాటట్లేదు. వచ్చేటప్పుడు ఎదురుగాలి తగిలిందంటే 17.

ఇంట్లో 50 వేలకి ఒప్పించాను, మహా అయితే ఇంకో ఐదు. నాతో తొక్కేవాళ్ళలో ఒకరు కొత్త అల్యూమినియం బండి, షిమానో క్లారిస్ గేర్లతో తీసుకోమంటున్నారు. ఇంకొకరు అదే డబ్బుకి షిమానోలోనే పై మెట్టు 105 గేర్లున్న వాడిన బండి వస్తుంది, కొత్తది కొనడం డబ్బు పారబోయడమే అంటున్నారు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. మీరైతే ఏం చేస్తారు?

గండిపేట_సవారీ
అక్కా, వాడినదే తీసుకోండి. ఎందుకో చెప్తున్న.

షిమానోల కింది నుంచి పైకి వరస ఇది: టూర్నీకి వెనక 7 గేర్లు, క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10, 105 అయితే 11 (కొత్తవాటికి 12). క్లారిస్ చెడ్డదని నేను అనను. కానీ కొత్త సైకిల్ షాపు గడప దాటంగనే దాని ధర పడిపోతది. ఏడాది తర్వాత ట్రయథ్లాన్ మీద మనసు మారినా, ఇంకా మంచి బండి కావాలనిపించినా, కొత్తది అమ్మితే చేతికొచ్చేది చాలా తక్కువ. వాడినదైతే ఆ నష్టం మొదటి ఓనరే భరించి ఉంటడు.

నేను నాలుగేండ్ల కింద 11 గేర్ల 105 ఉన్న అల్యూమినియం ఫ్రేమ్ 42 వేలకు తీసుకున్న. మా హైదరాబాద్‌ల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైనప్పటి నుంచి వారానికి మూడు రోజులు దాని మీదనే ఉంట. ఇప్పటిదాక చైన్లు, ఒక క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ళ చక్రాల గుత్తి), బ్రేక్ ప్యాడ్లు తప్ప ఏమీ మార్చలె.

కొనేటప్పుడు ఒక స్టీల్ స్కేలు తీసుకపోండి. చైన్ మీద ఒక పిన్ను దగ్గర సున్నా పెట్టి 12 అంగుళాలు కొలవండి. కొత్త చైన్‌ల 12 దగ్గర కచ్చితంగ పిన్ను పడాలె. అంగుళంల పదహారో వంతు జరిగితే చైన్ మార్చాలె. ఎనిమిదో వంతు జరిగిందంటే క్యాసెట్ కూడ అరిగినట్టే, ఆ ఖర్చు ధరలకెల్లి తగ్గించమనండి. ఫ్రేమ్ కింద పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు ఉండే చోట, ముందు హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబ్ దగ్గర వెంట్రుకంత గీతలున్నయేమో టార్చి వేసి చూడండి. ఫ్రేమ్ నంబరు బిల్లు మీద ఉన్న నంబరుతో కలవాలె. బిల్లు లేదంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు, అది ఎవరి ఇంట్ల పోయిన సైకిలో తెల్వదు.

ఉప్పుగాలి
గండిపేట అన్నగారు చెప్పిన పరీక్షలన్నీ నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఆయన హైదరాబాద్‌లో కూర్చుని చెబుతున్నారు. మేడమ్ ఉండేది సముద్రం ఒడ్డున. నేను కాకినాడలో పదకొండేళ్ళుగా సైకిళ్ళు విప్పి బిగిస్తున్నాను, ఉప్పు గాలి ఏం చేస్తుందో చేతులతో చూశాను. గేర్ కేబుళ్ళు లోపల తుప్పు పడతాయి, స్పోకుల నిపుల్స్ పట్టేస్తాయి, బోల్టు తలలు అరిగి ఊడిపోతాయి. ఇక్కడ వాడిన సైకిల్ చూసేటప్పుడు నేను మొదట చేసే పని, బోల్టు వదులు చేసి సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) పైకి లాగడం. కదలకపోతే అది ఫ్రేమ్‌తో కలిసి బిగుసుకుపోయినట్టు. ఇక ధర గురించి మాట్లాడను, దండం పెట్టి వచ్చేస్తాను.

రెండోది, 11 గేర్ల చైన్, క్యాసెట్ కావాలంటే మా వైపు ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. 8 గేర్ల చైన్ మామూలు సైకిల్ షాపులో కూడా దొరుకుతుంది, ధరా తక్కువ, పలక మందంగా ఉంటుంది కాబట్టి మన్నికా ఎక్కువ. పోటీకి రెండు రోజుల ముందు చైన్ తెగితే 105 పేరు చూసి ఎవరూ కిలోమీటర్లు లెక్కేసి ఇవ్వరు.

పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. వాడిన బండ్ల ధరలు చెప్పేవాళ్ళు మాత్రం ఇంకా పాత బిల్లే చూపిస్తున్నారు.

నెమ్మదిగా_దూరంగా
ఏదీ వద్దమ్మా, ఉన్న హైబ్రిడ్‌కే 32 మిల్లీమీటర్ల సన్న టైర్లు వేయించండి, ముందు ఫోర్క్ ఊగకుండా లాక్ చేయండి. మూడు వేలలో పని అయిపోతుంది. ఒలింపిక్ డిస్టెన్స్ దానిమీదే పూర్తి చేయొచ్చు. వేగం కాళ్ళలో ఉండాలి.

భీమిలి_ఉదయం
గురువుగారూ, ఒలింపిక్ డిస్టెన్స్ వరకు మీ మాట ఒప్పుకుంటాను. గోవాకి మాత్రం లెక్క కుదరట్లేదు. 70.3లో మొత్తం గడువు 8 గంటల 30 నిమిషాలు, అందులో మొదలుపెట్టిన 5 గంటల 30 నిమిషాల్లోపు సైకిల్ ముగించాలి. మిరమార్ బీచ్ దగ్గర అలల్లో నా ఈత 50 నిమిషాలు, తడి తుడుచుకుని హెల్మెట్ పెట్టుకుని బయల్దేరడానికి 10. మిగిలేది నాలుగున్నర గంటలు. 90 కిలోమీటర్లకి సగటు 20 కావాలి, అది కూడా ఒక్క పంక్చర్ పడకుండా. ఇప్పుడు 50 కిలోమీటర్లకే 19 తొక్కుతున్నాను. అందులోనూ దిగాక 21 కిలోమీటర్లు పరుగెత్తాలి కదా.

ఉప్పుగాలి
మేడమ్ లెక్క సరైనది. ఇందులో గాలి పాత్ర కూడా చెప్పాలి. గాలిని చీల్చుకుని వెళ్ళడానికి కావలసిన శక్తి వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. 20 నుంచి 30కి వెళ్ళాలంటే వేగం ఒకటిన్నర రెట్లే, గాలి కోసం ఖర్చయ్యే శక్తి మాత్రం దాదాపు 3.4 రెట్లు. ఆ గాలికి ఎక్కువగా అడ్డుపడేది సైకిల్ కాదు, మన ఒళ్ళు. హైబ్రిడ్ మీద నిటారుగా కూర్చుంటే ఛాతీ మొత్తం తెరచాపలా నిలబడుతుంది. రోడ్ బైక్‌కి ఉండే వంపు హ్యాండిల్ (డ్రాప్ బార్) కిందికి చేతులు దించి నడుము వంచితే అదే కాలు, అదే గుండె, ముందుకి ఎక్కువ వెళ్తాయి. భీమిలి రోడ్డు మీద ఎదురుగాలిలో ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

బరువు గురించి మాత్రం కంగారు పడకండి. మనిషి, సైకిల్ కలిపి 68 కిలోలు అనుకుంటే, 2 కిలోలు తేలికైన బండి కొన్నా తగ్గేది 3 శాతం. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు అంతమాత్రం తేడా వస్తుంది, చదునులో దాదాపు ఏమీ ఉండదు.

టెక్సాస్_తెనాలి
ట్రయథ్లాన్ కోసమే అయితే నేరుగా వాడిన ట్రయథ్లాన్ బైకే కొనొచ్చు కదా? నేను డాలస్‌లో అలాగే మొదలుపెట్టాను. సీటు ముందుకి ఉంటుంది, మోచేతులు ప్యాడ్ల మీద, దిగాక పరుగుకి తొడలు తాజాగా ఉంటాయి.

గండిపేట_సవారీ
అన్నా, మీ దగ్గర రోడ్లు వేరు. ఆ ప్యాడ్ల మీద మోచేతులు పెట్టినప్పుడు బ్రేకులు చేతికి దూరంగ ఉంటయి. మన దగ్గర ఎదురు దిక్కుల ఆటో వస్తది, బర్రె అడ్డమొస్తది, స్పీడ్ బ్రేకర్‌కు రంగు ఉండదు. మొదటి బండి మీద అది వద్దు. కావాలంటే తర్వాత మామూలు రోడ్ బైక్‌కే బిగించుకునే ఏరోబార్లు దొరుకుతయి. ఈ ఒక్క విషయంల ఉప్పుగాలి అన్న, నేను ఒకటే మాట.

ధర విషయంల మాత్రం నా మాట మీదనే ఉన్న. ఉప్పు గాలి కొత్త సైకిల్‌ను వదులుతదా? ఏడాదికి అదీ తుప్పు పడతది.

ఉప్పుగాలి
పడుతుంది. కానీ మొదటి రోజు నుంచి మంచినీళ్ళతో కడిగి, తుడిచి, నూనె వేసి చూసుకునేది మనమే అవుతాం. ముందు ఓనరు ఏం చేశాడో మనకి తెలియదు.

అదలా ఉంచండి, అసలు ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు. మేడమ్, మీ కాలి లోపలి కొలత ఎంత? పాదాలు కొంచెం ఎడంగా పెట్టి, చెప్పుల్లేకుండా, గోడకి ఆనుకుని కొలవాలి.

భీమిలి_ఉదయం
మా అమ్మ పట్టుకుని కొలిచింది. 72 సెంటీమీటర్లు.

ఉప్పుగాలి
అయితే వాదన సగం ఇక్కడే తేలిపోయింది. పాత లెక్క ప్రకారం 72ని 0.67తో గుణిస్తే 48. అంటే మీకు 47 నుంచి 49 సైజు ఫ్రేమ్ కావాలి. సీటు ఎత్తు, పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు నుంచి 72 ఇంటూ 0.883, సుమారు 63.5 సెంటీమీటర్లు. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలే, చివరి మాట మీ మోకాళ్ళది.

వాడినవి అమ్మకానికి వచ్చేవి ఎక్కువ 54, 56. మగవాళ్ళు కొన్నవి, మగవాళ్ళు అమ్ముతున్నవి. 48 కోసం చూస్తూ కూర్చుంటే ట్రైనింగ్ నెలలన్నీ గడిచిపోతాయి. ఈలోగా ఎవరో ఒకరు "52 ఉంది, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క) పొట్టిది వేస్తే సరిపోతుంది" అంటారు. దయచేసి వినకండి. స్టెమ్ మరీ పొట్టిదైతే హ్యాండిల్ ఊరికే అటూ ఇటూ తిరిగిపోతుంది. చేతులు అందట్లేదని సీటు ముందుకి జరిపితే మోకాలి మీద భారం మారిపోతుంది. హ్యాండిల్ వెడల్పు మీ భుజాలకి 38 చాలు, పెద్ద ఫ్రేములకి 42 వస్తుంది. బ్రేక్ లీవర్ అందుకోవడానికి మీ వేళ్ళు ఎంత చాచాలో కూడా చూడాలి. చాలా లీవర్లకి దగ్గరికి తెచ్చే స్క్రూ ఉంటుంది, షాపులోనే తిప్పించుకోండి.

చిన్న ఫ్రేమ్‌లో ఒక ఇబ్బంది మాత్రం ఉంది, అదీ చెప్పాలి. నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు షూ ముందు చక్రానికి తగలొచ్చు. వేగంలో తగలదు. యూటర్న్ కొట్టేటప్పుడు కాలు వెనక్కి ఉంచడం అలవాటు చేసుకోవాలి.

కొండపల్లి_ఎక్కుడు
ఉప్పుగాలి గారి మాట నా అనుభవం. నాది 5 అడుగుల 5. రెండేళ్ళ క్రితం వాడిన కార్బన్ ఫ్రేమ్ 55 వేలకే అని ఆశపడి 56 సైజు కొన్నాను. అమ్మినాయన అన్నీ సర్దుకుంటాయన్నాడు. గంట తొక్కేసరికి అరచేతులు మొద్దుబారేవి, చిటికెన వేలికి స్పర్శ ఉండేది కాదు. మెడ నొప్పితో ఆఫీసులో కూర్చోలేకపోయేవాణ్ణి. ఒంటికి తగ్గట్టు సైకిల్ సర్దే ఫిట్టింగ్‌కి, స్టెమ్‌కి, సీటుకి మరో తొమ్మిది వేలు పోశాను. ఏడు నెలలకి 38 వేలకి అమ్మేశాను. ఆ ఏడు నెలల్లో పోటీకి పేరిచ్చి వెళ్ళలేకపోయిన బాధ ఇప్పటికీ ఉంది.

గండిపేట_సవారీ
48 సైజు అని మొదట్ల తెలిస్తే నేను గట్ల చెప్పకపోదును. రెండు రోజులుగ మా గ్రూపులన్నిట్ల అడిగిన. 49 ఒకటే దొరికింది, రిమ్ము పక్కల మీద బ్రేకు అరుగుదల గుర్తు పూర్తిగ పోయింది, అంటే చక్రాలు మార్చాలె. అక్కకు పంపలె.

అయినా ఒక మాట. ఐదు అడుగుల ఎనిమిది, తొమ్మిది ఉన్నోళ్ళు ఇది చదివి కొత్తదే కొనాలని అనుకోవద్దు. వాళ్ళకు వాడినవి బోలెడు దొరుకుతయి. ఆ మిగిలిన డబ్బుతోని మంచి టైర్లు, ఫిట్టింగ్, పెడల్‌కు బిగుసుకునే క్లీట్ షూలు వస్తయి.

భీమిలి_ఉదయం
కొనేశాను.

పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళి, నాలుగు షాపులు తిరిగాను. రెండు చోట్ల నా సైజు లేదని 51 మీద కూర్చోబెట్టి "బాగుంది కదా మేడమ్" అన్నారు. మూడో చోట చిన్న సైజు ఉంది గానీ తొక్కి చూడనివ్వం అన్నారు. నాలుగో చోట 48 తీసి, సీటు 63.5కి పెట్టి, బయట గల్లీలో పదిహేను నిమిషాలు తొక్కనిచ్చారు. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, క్లారిస్, ముందు 50, 34 పళ్ళు, వెనక పెద్దది 32. 46,500. హెల్మెట్, పంపు, రెండు ట్యూబులు, టైర్ లీవర్లు, ముందూ వెనకా లైట్లు కలిపి 53 దాటింది. క్లీట్లు ఇప్పుడు వద్దనుకున్నాను, ముందు డ్రాప్ బార్ మీద ధైర్యం రావాలి.

నిన్న భీమిలి వెళ్ళొచ్చాను. 52 కిలోమీటర్లు, సగటు 22.6. తొట్లకొండ దగ్గర ఎత్తులో హైబ్రిడ్ మీద ఎప్పుడూ నిలబడి తొక్కేదాన్ని, నిన్న కూర్చునే ఎక్కాను. తిరిగొచ్చేటప్పుడు రుషికొండ దాటాక ఎదురుగాలి తగిలింది. చేతులు కిందికి దించాను. ఉప్పుగాలి గారూ, మీరన్నది అక్కడ అర్థమైంది. కళ్ళలో నీళ్ళొచ్చాయి, గాలికి కాదు.

ఇంటికొచ్చి మంచినీళ్ళతో కడిగి, చైన్ తుడిచి నూనె వేశాను. మా తమ్ముడు పక్కనే కూర్చుని చూశాడు. హైబ్రిడ్ వాడికిచ్చేస్తున్నాను, వాడూ ఒలింపిక్ డిస్టెన్స్ చేస్తానంటున్నాడు. నెమ్మదిగా_దూరంగా గారు చెప్పినట్టు 32 టైర్లు వేయిస్తాం. అది బాగా నడిస్తే ఆర్నెల్ల తర్వాత వాడికీ ఒక రోడ్ బైక్ చూడాలి. వాడు 5 అడుగుల 9.

గండిపేట_సవారీ
సంబురంగ ఉందక్కా. తమ్ముని కాలి కొలత తీసి పంపండి. గోడకు ఆనుకోని, చెప్పులు లేకుండ, అమ్మతోనే కొలిపియ్యండి, ప్యాంటు సైజు చెప్పొద్దు. నేను ఇప్పట్నుంచే చూస్తుంట.